తెర పాఠం సరే, బాయి దగ్గరి పాఠం ఎక్కడ?

కొత్త మెడికల్ కాలేజీల్లో అధ్యాపకులు చాలడం లేదన్న మాట వచ్చిన ప్రతిసారీ వెనకే ఒక సలహా వస్తోంది. ఢిల్లీలోనో వెల్లూరులోనో ఉన్న పెద్ద డాక్టరుగారి పాఠం రికార్డు చేసి రామగుండంలో తెర మీద వేస్తే సరిపోదా? ఊపిరితిత్తులు అక్కడైనా ఇక్కడైనా ఒకటే కదా? ఆన్‌లైన్‌లో నేర్చుకున్నవాళ్ళు క్లాసులో నేర్చుకున్నవాళ్ళకు తీసిపోరని పరిశోధనలే చెబుతున్నాయి కదా? ఈ మూడు ప్రశ్నల్లో చివరిది సగం నిజం. నడిమిది తప్పు. ఆ రెండింటినీ ఆసరా చేసుకుని మొదటిది నిలబడుతోంది.

సగం నిజంతోనే మొదలుపెడదాం. 2008లో జామా పత్రికలో డేవిడ్ కుక్, ఆయన సహచరులు వైద్యరంగంలో ఇంటర్నెట్ చదువుల మీద వచ్చిన 201 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. అసలేమీ చెప్పకపోవడంతో పోలిస్తే ఇంటర్నెట్ పాఠం వల్ల లాభం చాలా ఎక్కువని తేలింది. మామూలు పద్ధతిలో చెప్పిన పాఠంతో పోల్చినప్పుడు మాత్రం సగటున పెద్ద తేడా కనబడలేదు. ఒక్కో అధ్యయనం ఒక్కో తీరుగా చెప్పింది. ఆన్‌లైన్ పక్షం వారు చూపించే ఆధారాలు చాలావరకు ఈ కోవలోవే. వాటితో నాకు పేచీ లేదు. అయితే వాటిలోంచి తేలేది ఎంత? తెర మీది పాఠానికీ లెక్చర్ హాలు పాఠానికీ ఎక్కువ తక్కువలు లేవన్నంత వరకే. వైద్యవిద్యలో లెక్చర్ హాలు ఎప్పుడూ బలహీనమైన భాగమే. 150 మందిని కూర్చోబెట్టి, స్లైడ్లు చదివి, వెనక బెంచీల్ని నిద్రపుచ్చే గంటను తెరకు అప్పజెప్పితే ఎవరికీ నష్టం లేదు. రోగి మంచం పక్కన గడిపే గంటకు కూడా తెర సమానమేనని వాదించేవాళ్ళు ఆ రుజువు వేరే తేవాలి. లెక్చర్ గురించిన ఫలితాన్ని వార్డుకు అంటగట్టడం పరిశోధన కాదు, పద్దు మార్చి రాయడం.

రామగుండం కాలేజీకి తెర కొత్తేమీ కాదు, అది తెర మీదే తెరుచుకుంది. 2022 నవంబరు 15న అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖర్ రావు ప్రగతి భవన్‌లో కూర్చుని ఎనిమిది ప్రభుత్వ వైద్య కళాశాలల తరగతులను ఒకేసారి ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. సంగారెడ్డి, మహబూబాబాద్, జగిత్యాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మంచిర్యాల, కొత్తగూడెం, రామగుండం. ప్రారంభోత్సవానికి మనిషి రాకపోయినా ఫరవాలేదు. కానీ ఈ ఎనిమిదింటిలో రామగుండం కథ వేరు. దీనికి బొగ్గు గనుల కంపెనీ సింగరేణి రూ. 500 కోట్లు ఇచ్చింది. పేరు కూడా సింగరేణి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ అయింది. 2023లో కంపెనీ ఉద్యోగుల పిల్లలకు ఇక్కడ 5 శాతం సీట్లు కేటాయించారు. అంటే బొగ్గు బాయిలో దిగిన మనుషుల కష్టంతో వచ్చిన సొమ్ము మీద కట్టిన కాలేజీ. ఆ మనుషుల ఊపిరితిత్తుల గురించి అక్కడి విద్యార్థి వేరే ఊరి నుంచి వచ్చిన వీడియోలో నేర్చుకోవాలనడంలో ఉన్న వింత, సలహా ఇచ్చేవాళ్ళకు కనబడకపోవడమే ఆశ్చర్యం.

ఊపిరితిత్తులు ఎక్కడైనా ఒకటేనా? అనాటమీ బల్ల మీద ఒకటే. ఓపీలో కాదు. రామగుండంలో భాగమైన గోదావరిఖని ప్రాంతంలో అరవై ఏళ్ళకు పైగా బొగ్గు తీస్తున్నారు. పక్కనే 2600 మెగావాట్ల ఎన్టీపీసీ, దాని బూడిద చెరువులు. ఎరువుల ఫ్యాక్టరీ. ఇంక్లైన్లు (భూగర్భ గనులు) తగ్గుతూ ఓసీపీలు (ఓపెన్‌కాస్ట్ గనులు) పెరిగాయి. ఓసీపీల్లో మట్టి ఎత్తే పని ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులది. ఈ ఊళ్ళో "దమ్ము వస్తోంది సారూ" అంటూ వచ్చే యాభై ఐదేళ్ళ మనిషికి ఆస్తమా ఉండవచ్చు, బీడీ తెచ్చిన సీఓపీడీ ఉండవచ్చు, క్షయ ఉండవచ్చు, గుండెజబ్బు ఉండవచ్చు. లేదా బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే న్యూమోకోనియోసిస్ కావచ్చు. పైవాటిలో రెండు మూడు కలిసి కూడా ఉండవచ్చు.

ఈ దుమ్ము జబ్బు స్వభావమే విద్యార్థిని మోసం చేసేది. దుమ్ము పీల్చడం మొదలైన పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో బయటపడుతుంది. మొదటి దశలో ఎక్స్‌రేలో చుక్కలుంటాయి, మనిషి మాత్రం మామూలుగా షిఫ్టుకు పోతుంటాడు. ముదిరిన దశలో ఊపిరితిత్తుల పైభాగంలో గడ్డల్లాంటి పెద్ద మచ్చలు కడతాయి. అచ్చం క్షయలాగే. క్షయ ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో పైభాగంలో మచ్చ కనబడగానే చేయి క్షయ మందుల మీదికి పోతుంది. తగ్గకపోతే మళ్ళీ ఒక కోర్సు. పని మానేసి ఇంట్లో కూర్చున్నా ఈ జబ్బు ముదురుతూనే పోవచ్చు, నయం చేసే మందు లేదు. ఇటువంటి జబ్బును పట్టుకునేది ఎక్స్‌రే ఒక్కటే కాదు, ఎక్స్‌రేకు ముందు అడిగే ప్రశ్న. నీ పనేమిటి అని రోగిని అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే రాసిపెట్టాడు. గోదావరిఖనిలో ఆ ప్రశ్నకు "సింగరేణి" అన్న జవాబు రాసుకుంటే సగం కూడా అడిగినట్టు కాదు. ఏ బాయి? కోల్ ఫిల్లరా, కోల్ కట్టరా, టింబర్‌మనా? షాట్‌ఫైరర్ అయితే పేలిన తర్వాత పొగ తగ్గకముందే బొగ్గు తవ్వే ముఖం దగ్గరికి వెళ్ళేవాడా? బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం మీద ఎన్నేళ్ళు? సీహెచ్‌పీలో (కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటులో) బెల్టు దగ్గరా? రాతిలో డ్రిల్లింగ్ చేశాడా? చేస్తే బొగ్గుతో పాటు సిలికా కూడా పోయి ఉంటుంది, సిలికా పోయిన ఊపిరితిత్తిలో క్షయ ముప్పు ఇంకా ఎక్కువ. ఈ ప్రశ్నలు వెల్లూరు వీడియోలో ఉండవు. అక్కడి డాక్టరుగారికి రాక కాదు, ఆయన ఓపీకి ఈ మనిషి రాడు కనుక.

ఇక్కడ ఆన్‌లైన్ వాదులకంటే పెద్ద దోషి ఇంకొకరున్నారు: పాఠ్యక్రమం. 2019లో అమల్లోకి వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యక్రమం ప్రతి అంశానికీ ఒక గుర్తు పెట్టింది: విద్యార్థికి ఇది తెలిస్తే చాలా, ఎలా చేయాలో తెలియాలా, చేసి చూపించాలా, స్వయంగా చేయగలగాలా అని. కమ్యూనిటీ మెడిసిన్‌లో వృత్తి ఆరోగ్యం కింద ఐదు అంశాలుంటే ఐదూ "తెలిస్తే చాలు" మెట్ల దగ్గరే ఆగిపోయాయి. చేసి చూపించాల్సింది ఒక్కటీ లేదు. ఏకరువు పెట్టు, వర్ణించు, రాయి. అలాంటప్పుడు తెర పాఠం చాలదా అని అడిగేవాడిని తప్పుపట్టడం కష్టమే. చేయి పెట్టే పనే లేని చోట చేయి అవసరం లేదంటున్నాడు.

ఆ ఐదింటిలో ఒకటి ఈఎస్‌ఐ పథకం ప్రయోజనాలు. రామగుండం విద్యార్థి దాన్ని బట్టీపట్టి పరీక్షలో మార్కులు తెచ్చుకుంటాడు. కానీ 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం ఫ్యాక్టరీ నిర్వచనంలోంచి గనులను మినహాయించింది. ఆ పాఠ్యక్రమం రాసేనాటికి ఎదురుగా ఉన్న బొగ్గు కార్మికుడు ఈఎస్‌ఐ కిందికి రాడు. అతనికి వర్తించేవి 1952 గనుల చట్టం, 1955 మైన్స్ రూల్స్: పనిలో చేరేముందు ఒక వైద్య పరీక్ష, ఆ తర్వాత ఐదేళ్ళకు మించకుండా మళ్ళీ మళ్ళీ. బాయిల్లో ఐఎంఈ, పీఎంఈ అని పిలిచేవి అవే. న్యూమోకోనియోసిస్ ఆ చట్టం కింద తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. 2025 నవంబరు 21 నుంచి కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి ఈ చట్టాలన్నీ వాటిలో కలిసిపోయాయి. నాలుగేళ్ళ కింద రికార్డు చేసిన పాఠం మాత్రం పాత చట్టాన్నే అదే గొంతుతో చెబుతూ ఉంటుంది. ఎదురుగా మాస్టారుంటే ఎవరో ఒక పిల్లవాడు చేయెత్తి "సార్, అది మారింది" అంటాడు.

పాఠ్యక్రమం తర్వాత కాలేజీల కనీస ప్రమాణాల వంతు. జాతీయ వైద్య కమిషన్ 2023లో ఇచ్చిన నిబంధనల్లో ఎంబీబీఎస్ కాలేజీకి తప్పనిసరి విభాగాల జాబితాలో శ్వాసకోశ వైద్యం లేదు. దేశంలోని ఛాతీ వైద్యుల సంఘాలు దీని మీద గట్టిగానే అభ్యంతరం చెప్పాయి. కోవిడ్ వచ్చి నాలుగేళ్ళు కూడా నిండకముందు, క్షయను తరిమేస్తామని దేశం ప్రతిజ్ఞ చేస్తున్న రోజుల్లో, ఊపిరితిత్తుల విభాగం ఐచ్ఛికమట. అది ఐచ్ఛికమైతే పోస్టులు ఐచ్ఛికం, పోస్టులు లేకపోతే పాఠం తెర మీదికి. ఆన్‌లైన్ చదువు ఇక్కడ విద్యావిధానంగా రావడం లేదు, ఖాళీ కుర్చీకి కప్పే దుప్పటిగా వస్తోంది. 2025లో వైద్య కమిషన్ తెలంగాణలోని 26 ప్రభుత్వ వైద్య కళాశాలలకు అధ్యాపకుల కొరత వంటి లోపాల మీద నోటీసులిచ్చింది. అదే ఏడాది మే నుంచి అధ్యాపకుల హాజరును ముఖం గుర్తించే యాప్‌తో, జీపీఎస్ ఆధారంగా తీసుకుంటోంది. మాస్టారు ప్రాంగణంలో ఉన్నాడో లేడో ఉపగ్రహంతో వెతుకుతూనే, మాస్టారు ఎక్కడుంటేనేం అనే వాదాన్ని వింటున్నాం.

ఇంకో ముచ్చట. చైనా నుంచి, ఉక్రెయిన్ నుంచి తిరిగొచ్చిన మన తెలుగు పిల్లలు చివరి చదువు ఆన్‌లైన్‌లో పూర్తిచేస్తే ఏమన్నాం? 2022 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు, క్లినికల్ శిక్షణ లేకుండా పట్టా చేతికి వచ్చినంత మాత్రాన డాక్టరు కాలేరన్న వైఖరి తీసుకుంది. ఆ తర్వాత వైద్య కమిషన్ అలాంటివాళ్ళకు ఒక ఏడాదికి బదులు రెండేళ్ళ ఇంటర్న్‌షిప్ పెట్టింది. ఆ నిర్ణయం సరైనదే. వుహాన్ విద్యార్థికి చాలని తెర గోదావరిఖని విద్యార్థికి ఎలా చాలుతుందో ఆన్‌లైన్ పక్షం వారే చెప్పాలి.

ఇంతా చదివి నన్ను తెరకు శత్రువనుకునేవాళ్ళు ఉంటారు. కాను. వృత్తి ఆరోగ్యం అనే ఈ స్పెషాలిటీలోనే ఒక ముఖ్యమైన భాగం తెర మీద నేర్చుకుంటేనే బాగా వస్తుంది. దుమ్ము జబ్బుల ఎక్స్‌రేలు చదవడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక వర్గీకరణ ఇచ్చింది. చుక్క గుండ్రంగా ఉంటే పరిమాణాన్ని బట్టి పి, క్యూ, ఆర్. వంకరటింకరగా ఉంటే ఎస్, టి, యు. ఎంత దట్టంగా ఉన్నాయన్నదానికి 12 మెట్లు. సెంటీమీటరు దాటిన మచ్చలకు ఎ, బి, సి. 2011 సవరణ నుంచి డిజిటల్ ఎక్స్‌రేలకూ దీన్ని వర్తింపజేశారు. పూర్వం ఒక ఫిల్మును వ్యూబాక్సుకు తగిలిస్తే ముందు వరుస నలుగురికి కనబడేది, తక్కినవాళ్ళు వాళ్ళ భుజాలను చూసేవాళ్ళు. ఇప్పుడు ఒకే బొమ్మను 150 మందికీ విడివిడిగా ఇచ్చి, ఒకరి జవాబు ఒకరికి తెలియకుండా చదివించి, ఎవరెవరు ఎక్కడ తేడా పడ్డారో అప్పటికప్పుడు చూపించవచ్చు. తేడా పడటం చిన్న విషయం కాదు. వేల్స్ బొగ్గు లోయల్లో 1950ల మొదట్లో ఈ జబ్బు మీద పనిచేసిన ఆర్చీ కోక్రేన్, ఆయన తోటివాళ్ళు తలపట్టుకున్న సంగతుల్లో ఒకటి ఇదే: ఒకే ఎక్స్‌రేను ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చదువుతారు, ఒకే డాక్టరు రెండుసార్లు చదివినా రెండు రకాలు. ఆ అలవాటును విరగ్గొట్టడానికి ఆన్‌లైన్ సాధన వంటిది లేదు. ఒక్క షరతు. ఒకటిన్నర మిల్లీమీటరు లోపు చుక్కలను వాట్సాప్‌లో కుదించిన ఫొటోలో, అరచేతి ఫోను మీద వెతకమంటే అవి కనబడవు. కాలేజీలో సరైన మానిటర్లున్న గది కావాలి. ఆన్‌లైన్ అంటే ఖర్చు లేనిది అనుకునేవాళ్ళకు ఈ షరతు నచ్చదు.

కోక్రేన్ పేరు ఇంకో కారణానికి కూడా చెప్పాలి. ఏ చికిత్సకైనా, ఏ బోధన పద్ధతికైనా ఆధారాలు చూపించమని నేడు ప్రపంచమంతా అడుగుతున్నదంటే అందులో ఆయన వాటా పెద్దది. 1993లో పుట్టిన కోక్రేన్ సంస్థ ఆయన పేరు మీదిదే. ఆన్‌లైన్ పక్షం వారు ఆ భాషలోనే మాట్లాడతారు. ఆయన మాత్రం రోండా ఫాక్ లోయలో గనివాళ్ళ ఇళ్ళ తలుపులు తట్టి, ఎక్స్‌రేకు రానివాళ్ళను వెతికి పట్టుకొచ్చి, దాదాపు అందరికీ తీయించి లెక్క తేల్చాడు. ఆధారం పుట్టింది గడప దగ్గర.

ఎదుటి పక్షం చేతిలో అన్నిటికంటే బలమైన అస్త్రం ప్రాజెక్ట్ ఎకో. దాన్ని దాటవేస్తే ఈ ఖండన నిజాయితీగా ఉండదు. భారతదేశంలో పుట్టిన డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో మొదలుపెట్టారు. హెపటైటిస్ సి స్పెషలిస్టు దొరకని పల్లెల్లోని డాక్టర్లతో వారం వారం వీడియోలో కూర్చుని వాళ్ళ రోగుల కేసులు చర్చించేవారు. 2011లో అచ్చయిన ఫలితాల ప్రకారం ఆ పల్లె డాక్టర్ల చేతిలో రోగులకు నయమైన తీరు విశ్వవిద్యాలయ ఆసుపత్రికి తీసిపోలేదు. నిజంగా గొప్ప పని. కానీ ఒక్కసారి చూడండి: అక్కడ తెరకు ఇవతల కూర్చున్నది ఎవరు? పట్టా ఉండి, ఏళ్ళ తరబడి నాడి పట్టుకుని, తన రోగిని తాను చూసి వచ్చిన డాక్టరు. తెర అతని అనుభవానికి తోడైంది. ఇంకా స్టెతస్కోపు ఏ చెవిలో ఏది పెట్టాలో తడుముకునే మూడో ఏడాది కుర్రాడికి తోడవడానికి ఏ అనుభవం ఉంది? ఎకో మనకు పనికొచ్చేది ఇంకో చోట. ఇక్కడి మెడిసిన్ అధ్యాపకుడు తన వార్డులోని రోగి కేసును విద్యార్థుల ఎదుటే పెద్ద ఆసుపత్రి నిపుణుడితో తెర మీద చర్చించాలి. రోగి ఇక్కడ, చేయి ఇక్కడ, సలహా అక్కడి నుంచి. అలాంటి ఆన్‌లైన్ ఎంతైనా రానివ్వండి.

చేయి అంటున్నాను కనుక ఒక పరీక్ష సంగతి చెబుతాను. స్పైరోమెట్రీ. గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల సత్తా కొలిచే యంత్రం. యంత్రం తేలిక, ఊదించడం కష్టం. "నిండా పీల్చు, పెదాలు గట్టిగా బిగించు, ఒక్కసారిగా వదులు, ఊదు, ఊదు, ఆపకు, ఇంకా ఊదు" అని పక్కన నిలబడి అరవాలి. అరవకపోతే సగంలో ఆపేస్తాడు, గీత తప్పు వస్తుంది, లేని జబ్బు కాగితం మీద పుడుతుంది. కొందరు కావాలని కూడా ఆపుతారు. ఎందుకో సింగరేణి ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వచ్చే చోట, ఒక గీత మీద ఒక ఇల్లు ఆధారపడి ఉంటుంది. ఇంకోవైపు నిజంగా జబ్బు ముదిరినా ఫిట్ అయిపోయి బాయిలో దిగుతూ ఉండేవాడూ ఉంటాడు. ఈ ఇద్దరినీ వేరుచేయగల డాక్టరు కావాలి. గీతను చూసి, మనిషి మెడ కండరాలను చూసి, వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, ఇది నిజమో నటనో తేల్చుకునే నేర్పు యాభై మందిని ఊదిస్తేనే వస్తుంది. వీడియోలో ఊదేవాడు ఎప్పుడూ సరిగ్గానే ఊదుతాడు.

అమెరికాలో జరిగింది చూడండి. అక్కడ 1970 నుంచి బొగ్గు కార్మికుల ఎక్స్‌రే పర్యవేక్షణకు జాతీయ కార్యక్రమం ఉంది, ఎక్స్‌రేలు చదివేవాళ్ళకు ప్రత్యేక పరీక్ష ఉంది. అయినా కెంటకీ తూర్పు ప్రాంతంలో ముదిరిన దుమ్ము జబ్బు మళ్ళీ తలెత్తుతున్న సంగతిని గమనించి కబురు పెట్టింది ఆ గనుల మధ్యనే క్లినిక్ నడుపుకునే ఒక రేడియాలజిస్టు. 2015 జనవరి నుంచి 2016 ఆగస్టు వరకు ఆ ఒక్క క్లినిక్‌లోనే 60 కేసులు తేలాయి. జాతీయ కార్యక్రమంలో పరీక్ష ఐచ్ఛికం, చాలామంది రిటైరైనవాళ్ళు దాని లెక్కలో లేరు. మన కాంట్రాక్టు కార్మికుల మాటేమిటి? పని మానేశాక వాళ్ళు దమ్ముతో వచ్చేది గోదావరిఖని సర్కారు దవాఖానకే, అంటే ఈ కాలేజీ విద్యార్థి దగ్గరికే. అతను పోల్చుకోలేకపోతే ఇంకెవరూ పోల్చుకోరు.

మా కాలంలో ఆన్‌లైన్ లేదు, మేం డాక్టర్లం కాలేదా అనే పెద్దవాళ్ళకూ ఒక మాట. ఒక మంచం చుట్టూ ముప్పై మంది నిలబడి, ముందున్న ఇద్దరు వింటుంటే తక్కినవాళ్ళు కిటికీలోంచి చూసే బెడ్‌సైడ్ క్లినిక్‌ను చూపించి తెరను తిట్టకండి. ఆ క్లినిక్ కూడా బోధన కాదు.

చేయాల్సింది తలకిందులుగా ఉంది. లెక్చర్లు తెరకు వదిలేయండి, ఆ గంటలన్నీ వార్డుకు మళ్ళించండి. రామగుండం తెర పాఠాలు దిగుమతి చేసుకోవడం కాదు, ఈ ఒక్క స్పెషాలిటీలో దేశానికి ఎగుమతి చేయాలి. బొగ్గు జిల్లాల్లోని ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఐదింటిని తీసుకోండి: రామగుండం, మంచిర్యాల, కొత్తగూడెం, 2023లో మొదలైన భూపాలపల్లి, ఆసిఫాబాద్. ఈ ఐదూ కలిసి, పేర్లు తీసేసిన పీఎంఈ ఎక్స్‌రేలతో, తెలుగులో రోగిని ప్రశ్నించే వీడియోలతో ఒక కోర్సు తయారుచేస్తే ఝరియా, రాణీగంజ్ బొగ్గు ప్రాంతాల పిల్లలు కూడా చూస్తారు. తయారుచేసే క్రమంలో మన విద్యార్థులే అందరికంటే ఎక్కువ నేర్చుకుంటారు.

కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానికీ సింగరేణి యాజమాన్యానికీ విజ్ఞప్తి: ఈ ఐదు కాలేజీల్లో ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థికీ ఏరియా ఆసుపత్రి పీఎంఈ గదిలో రెండు వారాల పోస్టింగ్ తప్పనిసరి చేయండి, కనీసం పాతికమంది కార్మికుల పని చరిత్ర అతని చేత రాయించి, ఊదించి, ఎక్స్‌రే చదివించి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టండి. కాంట్రాక్టు కార్మికులనూ ఆ గదిలోకి రానివ్వండి. గుర్తింపు సంఘమూ మిగతా యూనియన్లూ వచ్చే చర్చల డిమాండ్ల పత్రంలో దీన్ని కూడా చేర్చాలి.